ఊఁ కొట్టినవాళ్ళ లెక్క

ప్రసారం 3988. సోమవారం

స్టేషన్ నియమావళి ప్రకారం ప్రతి ప్రసారం అయ్యాక వ్యాఖ్యాత ఈ పుస్తకంలో రాయాల్సినవి మూడు: పరికరాలు ఎలా ఉన్నాయి, ఏం మాట్లాడాడు, ఎవరు ఫోన్ చేశారు. తాళ్ళూరి భీమశంకరం అనే నేను, 'మొహమాటం లేకుండా' కార్యక్రమాన్ని పదకొండేళ్ళుగా నడుపుతున్నవాణ్ణి, మూడూ రాస్తాను. క్లుప్తంగా రాయమని మాత్రం నాకెవరూ చెప్పకండి.

పరికరాలు: పొద్దున మేడెక్కి యాంటెన్నాకి పట్టిన ఉప్పు గీకాను. గట్టు అవతల సముద్రం నిన్నటికంటే బెత్తెడు ఎత్తున ఉంది. బ్యాటరీలు ఎండలో పెట్టాను. నిలువుగట్టు పట్నంలో టీవీల తెరలన్నీ ఉప్పుగాలికి చచ్చి మిగిలింది ఈ రేడియో ఒక్కటే, దానికీ కొత్త బ్యాటరీలు ఇవ్వదు మన పురపాలక సంఘం. ఛైర్‌పర్సన్ కారుకి మాత్రం కొత్తవే.

మాట్లాడింది: మేకలకి లైసెన్సు. తలుపులకి తెల్లరంగే వేయాలన్న నిబంధన. నా తలుపు, నా ఇష్టం, ఆకుపచ్చే వేస్తాను, ఎవడొస్తాడో రమ్మన్నాను. వీటన్నిటికంటే ముందు, పొద్దున ఏడు కొట్టగానే, అసలు సంగతి. 212వ తీర్మానం. కాగితం తీసి, ఎప్పటిలాగే ఒక్కొక్క ముక్కే చదివి, ఆగి, ఉతికి ఆరేశాను.

"తొమ్మిదో వార్డును సముద్రమునకు జలార్పణ చేయుటకు..."

జలార్పణ అట! మూడువందల పది ఇళ్ళని ముంచడానికి పూజ పేరు. విన్నారా?

"వచ్చే అమావాస్య పోటు నుండి సదరు వార్డు లాకు తలుపుల నిర్వహణ విరమించుటకు..."

తలుపులకి నూనె పెట్టడం మానేస్తారు. అవి తుప్పుపట్టి ఊడిపోతే చేతులు దులుపుకుంటారు. ఇదీ వీళ్ళ వరస! చూశారా?

"ఎనిమిదో వార్డు అంచున నూతన గట్టు నిర్మించుటకు పౌరుల సమ్మతి కోరడమైనది."

సమ్మతి! మన తాతలు గట్టు మీద నిలబడి, పదిమందికీ ముఖం చూపించి, చెయ్యెత్తి సమ్మతి చెప్పేవారు. ఎత్తిన చేతిని పక్కింటివాడు చూసేవాడు. సాయంత్రం అరుగు మీద అడిగేవాడు కూడా, ఏరా ఎందుకెత్తావని. ఇప్పుడు ప్రతి గుమ్మానికీ ఒక గడపచెవి. అణా బిళ్ళంత యంత్రాన్ని ద్వారబంధానికి మేకుతో కొట్టారు. మనం ఇంట్లో ఏమన్నామో అదే విని, ఒప్పుకున్నామో లేదో అదే లెక్కేసి పంపుతుందట. సిగ్గుండాలి.

ఫోన్లు: ఆరు. ఐదుగురు "బాగా గడ్డిపెట్టారండీ" అన్నారు. ఆరో ఆవిడ తొమ్మిదో వార్డు మరిడమ్మ. ఎండుచేపల వ్యాపారం, లాకు పక్కనే ఇల్లు.

"ఏవండీ బాబూ, మీరు సదివింది మా గురించేనాండీ?"

"మీ గురించేనమ్మా. కానీ భయపడకండి. దీనికి ఈ ఊళ్ళో ఒక్కడు కూడా ఒప్పుకోడు. నాదీ పూచీ."

"మీరంటే నమ్మకమేలెండి" అని పెట్టేసింది.


ప్రసారం 3990. బుధవారం

పరికరాలు బాగానే ఉన్నాయి. నేనే బాగాలేను.

ఫలితం వచ్చింది. నూటికి డెబ్బై ఒక్క ఇళ్ళు సమ్మతించాయట. డెబ్బై ఒకటి! ఈ పట్నంలో డెబ్బై ఒక్కమంది కలిసి టీ తాగడానికి ఒప్పుకోరు. కార్యక్రమం మొదలుపెట్టడమే అరుపుతో మొదలుపెట్టాను. దొంగ లెక్క అన్నాను. పట్టపగలు దోపిడీ అన్నాను. కౌన్సిలర్లని పేరుపేరునా పిలిచి, గట్టెక్కి ముఖాలు చూపించమన్నాను. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ తాము ఒప్పుకోలేదని ఒట్టు పెట్టుకున్నారు. నాలుగు వేల రెండువందల ఇళ్ళలో ఒప్పుకున్నవాడు ఒక్కడూ దొరకలేదు. మరి ఎవరు ఒప్పుకున్నట్టు? గోడలా?

మరిడమ్మ మళ్ళీ చేసింది. "పూచీ అన్నారు కదండీ" అంది. అంతే అంది. నేను ఇంకో పది నిమిషాలు కౌన్సిల్‌ని తిట్టాను.

అమావాస్య ఇంకా పన్నెండు రోజులుంది.


ప్రసారం 3991. గురువారం

కార్యక్రమం అవగానే పురపాలక కార్యాలయానికి వెళ్ళాను. ఇవాళ ఎవడి చొక్కా అయినా పట్టుకోవాలనే వెళ్ళాను. సమ్మతి విభాగంలో ఉన్నది మస్తాన్‌వలి అనే గుమాస్తా ఒక్కడే. చొక్కా పట్టుకోవడానికి వీల్లేనంత మర్యాదస్తుడు. లేచి నిలబడి, "మీ కార్యక్రమం రోజూ వింటామండీ మా ఇంట్లో" అని కుర్చీ తుడిచి వేశాడు.

"ఈ దొంగ లెక్క చేసిందెవరు?"

"లెక్క సరిగ్గానే ఉందండీ" అని చుట్ట చుట్టిన కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. "నిబంధన పధ్నాలుగు. తీర్మానాన్ని బహిరంగంగా చదివి వినిపించాలి. ఎవరు చదివినా చదివినట్టే. చదవడం మొదలైనప్పటినుంచి 'చదవడం ముగిసింది' అనేదాకా ఇంట్లో వినబడ్డ సమ్మతి లెక్కలోకి వస్తుంది. మా మైకులో పదింటికి చదివితే ఎవరూ వినరండీ. మీరు ఏడింటికే చదివేశారు. 'ముగిసింది' అనడం మీకు అలవాటు లేదు కాబట్టి గంటా లెక్కలోకే వచ్చింది."

"వస్తే? ఎవడు సమ్మతించాడు?"

మస్తాన్‌వలి వేలు పెట్టి చూపించాడు. ఏడూ నాలుగు. నేను "విన్నారా" అన్నాను. పంతొమ్మిది వందల ముప్ఫై ఇళ్ళలో ఊఁ. ఏడూ ఆరు. "చూశారా" అన్నాను. ఇంకో ఆరువందల ఇళ్ళలో ఊఁ.

"ఊఁ అంటే సమ్మతం అని కాదయ్యా! వింటున్నాం, చెప్పు అని! పిల్లాడికి కథ చెప్తే ఊఁ కొట్టడూ? రాక్షసుడు రాజకుమారిని ఎత్తుకుపోయాడంటే వాడు ఊఁ అంటాడు. ఎత్తుకుపోతే మంచిదే అనా దానర్థం?"

"నిజమేనండీ. కానీ యంత్రానికి మాటలు నేర్పినవాళ్ళు ఎక్కడివాళ్ళో. నిఘంటువులో ఊఁ అంటే అంగీకారం అని ఉందట, అదే పెట్టారు." అతను కాస్త మొహమాటపడి, ఇంకో గీత చూపించాడు. "ఇక్కడ, ఏడూ తొమ్మిదికి, మీరు దగ్గారండీ."

"అయితే?"

"రెండువందల పన్నెండు ఇళ్ళలో ఊఁ కొట్టారు."

పదకొండేళ్ళుగా ఈ పట్నం నాతో ఏకీభవిస్తోందని మైకు ముందు కూర్చున్నాను. దగ్గుతో కూడా ఏకీభవించింది. సముద్రమట్టం చెప్పినప్పుడు ఊఁ. సబ్బు ప్రకటనకి ఊఁ. నేను పేర్లు పెట్టి తిట్టిన కౌన్సిలర్ల ఇళ్ళలో కూడా ఊఁ కొట్టారు, అదీ కాగితంలో ఉంది!

తొమ్మిదో వార్డుని ముంచడానికి ఒప్పించింది కౌన్సిల్ కాదు. నేను. నా గొంతుతో, నా సమయంలో, ముక్కముక్కగా విరిచి, ఊఁ కొట్టడానికి వీలుగా మధ్యలో ఆగి మరీ ఒప్పించాను.

దారి ఉందా అని అడిగాను. ఉందట. అదే తీర్మానాన్ని అమావాస్యలోపు మళ్ళీ చదివి, సమ్మతి సగం కంటే తగ్గితే రద్దు. అలా రెండుసార్లే అవకాశం.


ప్రసారం 3994. ఆదివారం

నిన్నంతా దండోరా వేసినట్టు చెప్పాను. రేపు ఏడింటికి తీర్మానం మళ్ళీ చదువుతాను, ఎవరూ ఊఁ కొట్టకూడదు, నోట్లో గుడ్డ కుక్కుకోండి, గడపచెవికి పిండి పూయండి అన్నాను. పిండి పూస్తే జరిమానా అని మస్తాన్‌వలి ఫోన్ చేస్తే, జరిమానా నేను కడతానని చెప్పాను.

ఇవాళ ఏడింటికి మొదలుపెట్టాను. మూడు ముక్కలూ ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా, ఒక్క విసురున చదివేశాను. చివర్న వెంటనే "చదవడం ముగిసింది" అనేస్తే సరిపోయేది. అననా? నా నోరు ఊరుకుంటేగా! నాకు కోపం వచ్చింది. పదకొండేళ్ళు వినకుండా ఊఁ కొట్టి నన్ను ఇంత వెర్రివాణ్ణి చేస్తారా అని రాత్రి నుంచి రగులుతున్నదంతా తన్నుకొచ్చింది.

"మళ్ళీ చెప్తున్నాను. ఒక్కరు కూడా ఊఁ కొట్టడానికి వీల్లేదు. మూడువందల పది ఇళ్ళు మునుగుతాయి. అర్థమైందా?"

స్టూడియో కిటికీ తెరిచి ఉంది. ఎదురింట్లోంచి వినబడింది. ఊఁ. కింద టీకొట్టు రేడియో దగ్గర బెంచీ మీద కూర్చున్న నలుగురూ, గ్లాసులు పట్టుకుని, తలలూపుతూ, ఊఁ.

నూటికి ఎనభై మూడు. ముందటికంటే పన్నెండు ఎక్కువ.

మరిడమ్మ ఫోన్ చేయలేదు. చేసి ఉంటే బాగుండేది.


ప్రసారం 3995. సోమవారం

కార్యక్రమం నడపలేదు. గంటసేపు పాత సన్నాయి వేశాను. దాన్ని మెచ్చుకుంటూ పద్నాలుగు ఫోన్లు వచ్చాయి.

ఇంటికెళ్ళి మా ఆవిడ హైమ ముందు కూర్చుని ఊరుని తిట్టడం మొదలుపెట్టాను. ఆవిడ పొన్నగంటి కూర తుంచుతోంది. ఈ ఊరికి బుద్ధి లేదన్నాను. ఊఁ అంది. వీళ్ళకి గట్టెందుకు, సముద్రమే సరైనదన్నాను. ఊఁ అంది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

"హైమా, మన వెనకిల్లు అంటుకుంది."

"ఊఁ."

"నేనిప్పుడు ఏమన్నాను?"

తలెత్తింది. "కౌన్సిల్ వెధవలు అన్నారు."

"అనలేదు! ఇల్లు అంటుకుందన్నాను!"

ఆవిడ కిటికీ వైపు చూసి, ఏమీ అంటుకోలేదని రూఢి చేసుకుని, మళ్ళీ కూర అందుకుంది. "మీరు అడిగితే కదండీ నేను జవాబు చెప్పేది. పెళ్ళై ఇరవై ఆరేళ్ళు. మీరు నన్ను అడిగినవి రెండే. వంటయిందా, నా చెప్పులేవి. మిగతాదంతా మీరే చెప్తారు. నేనేం చెయ్యను, ఊఁ కొట్టక?"

"విన్నారా, చూశారా అని అడుగుతానుగా రేడియోలో!"

"అవి అడగడమా? మీరు ఊపిరి తీసుకోవడానికి ఆగేవి అవి."

ఆవిడ మీద విపరీతమైన కోపం వచ్చింది. నిజం కాబట్టి వచ్చింది. అన్నం తినకుండానే చెప్పులు వేసుకుని తొమ్మిదో వార్డుకి నడిచాను.

మరిడమ్మ చేపలు తిరగేస్తోంది. ఫోన్‌లో గొంతు విని ముసలావిడ అనుకున్నాను, నలభై దాటి ఉండదు. పక్కనే లాకు. ఇనప చక్రం చుట్టూ నలుగురు ఆడవాళ్ళు నిలబడి తిప్పుతున్నారు. పదకొండేళ్ళుగా ఆ లాకు గురించి మాట్లాడాను, చక్రం తిప్పేది ఎవరో నాకు ఇవాళ తెలిసింది.

"ఎందుకొచ్చారండీ?" అంది. కూర్చోమనలేదు.

జరిగింది చెప్పాను. దగ్గు సంగతితో సహా. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు.

"మాది కూడా ఊఁ కొట్టిన ఇల్లేనండీ. మొదటిసారి నేనూ కొట్టేశాను. మీరు మా తరఫున అరుత్తున్నారు కదాని."

"ఇంకొక్క అవకాశం ఉంది. ఈసారి నేను చదవను. మీరు చదవండి."

"నేనా! రేడియోలోనా! నాకు కూడబలుక్కుని సదవడమేగానీ..."

"అదే కావాలి. ఒక్కో ముక్కా చదివి, ఒక ప్రశ్న అడగండి. మీకు నిజంగా జవాబు తెలియని ప్రశ్న. ఊఁ అంటే జవాబు కాకూడదు."

చాలాసేపు చేప తిరగేస్తూనే ఉంది. "తెలీనివి సానా ఉన్నాయండి" అంది చివరికి.


ప్రసారం 3999. శుక్రవారం

పరికరాలు: ఫోన్ తీగలు వేడెక్కి వాసన వచ్చాయి. ఎప్పుడూ రాలేదు.

మరిడమ్మ ఆరున్నరకే వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది. నేను ఫోన్లు కలిపే బల్ల దగ్గర కూర్చున్నాను. నోరు విప్పనని ముందే మాటిచ్చాను.

మొదటి ముక్క కూడబలుక్కుని చదివింది. జలార్పణ దగ్గర రెండుసార్లు తడబడింది. తర్వాత అడిగింది. "మాయి మూడొందల పది గడపలండి. మేం ఎక్కడికెళ్ళి ఉండాలండి? మీ ఇంట్లో ఎన్నడుగుల చోటుంది?"

కిటికీలోంచి చూశాను. టీకొట్టు బెంచీ మీద నలుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. ఎవరూ ఊఁ అనలేదు. ఏమని అంటారు?

ఫోన్ మోగింది. రెండో వార్డు టైలరు, తన కొట్టు వెనక పన్నెండడుగుల గది ఉందన్నాడు. ఇంకొకాయన తన దగ్గర చోటు లేదని, క్షమించమని చెప్పడానికే చేశాడు. రెండో ముక్క చదివి, "మా లాకు ఊడిపోతే పోటు నీరు మొదట ఏ ఈదిలోకి వత్తాదో ఎవరికన్నా తెలుసునాండి?" అని అడిగింది. లాకులు కట్టిన మేస్త్రీ మనవరాలట, ఆరో వార్డు నుంచి చేసింది. తాత గీసిన పటం చూసి చెప్తున్నానంది. ఎనిమిదో వార్డు కాదట, అడుగునున్న పాత కాలవ గుండా నాలుగో వార్డు బజారులోకి వస్తుందట. నాలుగో వార్డువాళ్ళు ఒక్కసారిగా ఫోన్ల మీద పడ్డారు.

గెలిచామనుకున్నాను.

అప్పుడు మూడో వార్డు నుంచి చెన్నూరి వరదయ్య అనే ఆయన చేశాడు. మంచి ఖంగుమనే గొంతు.

"అమ్మా, నేను పూర్తిగా సమ్మతిస్తున్నాను. పన్ను ఎగ్గొట్టేవాళ్ళకి గట్టు కాపలా మనమెందుకు కాయాలి? తలుపులు తీసేయండి, ఈత వాళ్ళే నేర్చుకుంటారు!"

మరిడమ్మ కాగితం మీది వేలు తీయలేదు. "ఆ మాట మీ సొంతమేనాండి?" అంది.

"నాది కాదమ్మా, భీమశంకరంగారిది! నాలుగేళ్ళ కిందట చెప్పారు. తొమ్మిదో వార్డుకి మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వడం మీద. పక్కనే ఉంటారుగా, అడగండి."

నాకు గుర్తుంది. ఆ వాక్యం అన్నాక నేనే నవ్వుకున్నాను. బాగా పేలిందని స్టేషన్‌వాళ్ళు వారంరోజులు కార్యక్రమానికి ముందు అదే వేశారు. తొమ్మిదో వార్డులో పన్ను ఎగ్గొట్టింది ఎవరో, అసలు ఎగ్గొట్టారో లేదో, అప్పుడూ నాకు తెలియదు.

మరిడమ్మ నా వైపు తిరిగింది. మైకు ఆన్‌లోనే ఉంది.

"అన్నారాండీ?"

"అన్నాను."

"ఎందుకన్నారు?"

నాలుగు వేల రెండువందల ఇళ్ళు వింటున్నాయి. ఈసారి నిజంగా వింటున్నాయి. అబద్ధాలు చాలా తోచాయి, ఒక్కటీ బయటికి రాలేదు.

"ఆ రోజు కార్యక్రమంలో ఇంకా ఐదు నిమిషాలు మిగిలాయి. ఏం చెప్పాలో తోచలేదు."

ఆవిడ తర్వాతి ఫోన్ కలపమని చేత్తో చూపించింది. కలిపాను. ఆ తర్వాతిదీ. ఆ గంటలో పదకొండుమంది నా మాటలే నా గొంతుతో అప్పజెప్పారు, అక్షరం పోకుండా, నేను ఆగేచోటే ఆగుతూ. నేను కోపంతో ఊగిపోయాను. చేయగలిగింది మాత్రం స్విచ్చి నొక్కి వాళ్ళని కలపడమే.

ఎనిమిదింటికి, మూడో ముక్క కూడా చదివి, ఆవిడ "చదవడం ముగిసింది" అని లేచింది. లాకు దగ్గర తన వంతు ఉందని వెళ్ళిపోయింది.


ప్రసారం 4000. శనివారం

నూటికి నలభై ఆరు. తీర్మానం రద్దు. లాకు తలుపులకి నూనె పెట్టాల్సిందే, అమావాస్య పోటుకి తొమ్మిదో వార్డు ఉంటుంది. మస్తాన్‌వలి పొద్దున్నే తనే వచ్చి చెప్పాడు.

"ఇంకో సంగతండీ. ఈసారి ఊఁలు దాదాపు లేవు. ఆ నలభై ఆరూ నోటితో మాట్లాడినవాళ్ళే. కొంతమంది రెండుసార్లు చెప్పారు, యంత్రానికి వినబడిందో లేదోనని."

మొన్నటిదాకా వినకుండా ఊఁ కొట్టేవాళ్ళ మీద పళ్ళు కొరికాను. వాళ్ళు పాపం, దగ్గుకి కూడా తలూపే అమాయకులు. శ్రద్ధగా విన్నవాళ్ళు వేరే ఉన్నారు. పంతొమ్మిది వందల ముప్ఫై రెండు ఇళ్ళు. వాళ్ళకి మూడువందల పది ఇళ్ళు మునిగితే ఫరవాలేదు. ఈ ముక్క యంత్రం నేర్పలేదు, కౌన్సిల్ నేర్పలేదు.

పదకొండుమంది నంబర్లు కాగితం మీద రాసుకున్నాను. కార్యక్రమంలో కాదు, మైకు ఆపేసి, మొదట వరదయ్యకి చేశాను.

"ఓహో, మీరా! నిన్న బాగా చెప్పానాండీ?"

"వరదయ్యగారూ, ఆ మాట తప్పు. నాకేమీ తెలియకుండా అన్నాను. దాన్ని మానేయండి."

"అదేమిటండీ? నాలుగేళ్ళుగా మా ఇంట్లో అదే మాట. మా మనవడికి కూడా వచ్చు."

"అది నిజం కాదు."

ఈసారి ఆయన గొంతులో నేను ఎరిగిన కోపం వినబడింది. నాకంటే బాగా కోప్పడగలడు.

"మీకే నమ్మకం లేని మాట మాకెందుకు చెప్పారు మరి?"

"కోపంగా మాట్లాడితే నాకు బాగుండేదండీ. మీకూ బాగుంటుందనుకున్నాను."

"సిగ్గులేదూ?" అని ఫోన్ పెట్టేశాడు.

ఇంకా పదిమంది ఉన్నారు.